కరెంటు పెట్టిన పాలు

మా ఇంట్లో దేవుడి గదికి ఎంత మడి ఉండేదో, వంటగదిలో పెరుగు గిన్నెకి అంతకన్నా కాస్త ఎక్కువే ఉండేది. స్నానం చేసినవాళ్ళెవరైనా దేవుడి గదిలోకి వెళ్ళొచ్చు. పెరుగు గిన్నె మూత మాత్రం అమ్మే తియ్యాలి. నాన్న ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ కార్ఖానాలో పెద్ద పెద్ద మోటార్లని గుప్పిట్లో పెట్టుకున్న ఎలక్ట్రికల్ ఫోర్‌మన్. ఇంట్లో మాత్రం రెండోసారి పెరుగు కావాలంటే కంచం ముందు చెయ్యి ఎండబెట్టుకుని కూర్చోవలసిందే.

ఆ పెరుగుకి అంత గౌరవం ఊరికే రాలేదు. అమ్మకి పెళ్ళై శ్రీకాకుళం జిల్లా నుంచి జంషెడ్‌పూర్ కాపురానికి వస్తున్నప్పుడు అమ్మమ్మ తన ఇంటి పెరుగుని చిన్న స్టీలు కేరేజీలో పోసి, మూతకి గుడ్డ చుట్టి, అమ్మ ఒళ్ళో పెట్టి రైలెక్కించిందట. ఖరగ్‌పూర్‌లో బండి మారేటప్పుడు కొత్త పెళ్ళికొడుకు పట్టుబట్టల పెట్టె ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయింది. కేరేజీ మాత్రం క్షేమంగా చేరింది. ఈ సంగతి నాన్న చెబితే ఫిర్యాదులాగా, అమ్మ చెబితే విజయగాథలాగా ఉండేది.

ఆనాటి నుంచి ప్రతి సాయంత్రం ఆ పెరుగులోంచే చెంచాడు తీసి కొత్త పాలకి తోడు పెడుతూ వచ్చింది. మధ్యలో అమ్మమ్మ పోయింది. ఆవిడ ఫోటో ఒక్కటి కూడా మా దగ్గర లేదు. అమ్మ దగ్గర మిగిలింది ఆ తోడే. తోడు పెడుతూ ఏదో గొణుగుతూ ఉంటే చిన్నప్పుడు మంత్రమనుకునేదాన్ని. పెద్దయ్యాక ఒకసారి వెనక నిలబడి చెవి పెట్టి విన్నాను.

"అమ్మా, ఇయాల బెండకాయ కూర సేసేనే. ఈయనకి నచ్చలేదు. ఉప్పు తక్కువట."

మా అమ్మ వాళ్ళమ్మతో మాట్లాడుకుంటోంది. అంతే. నేను చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చేశాను. నా జన్మలో నేను చప్పుడు చెయ్యకుండా చేసిన పనులు చాలా తక్కువ.

ఆ తోడుకి ఇంకో కట్టుబాటు ఉండేది. దీపాలు పెట్టాక పెరుగు గుమ్మం దాటకూడదు. మా కాసిడీహ్ ఇంట్లో కింది వాటాలో ఉండే బెంగాలీ ఆంటీ ఒక సాయంత్రం చుట్టాలొచ్చారని చెంచాడు తోడుకోసం వస్తే, అమ్మ తనకి వచ్చిన హిందీలో "కల్ సుబే ఆనా అమ్మా, అబీ దీపం హో గయా" అని పంపేసింది. పగలు అడిగితే గిన్నెడు ఇచ్చేది. కాకపోతే ఆ ఆంటీ దాన్ని మిఠాయి దుకాణం తీపి పెరుగులో కలిపేసిందని తెలిసిన రోజున మా అమ్మ ముఖం చూడాల్సింది.

"మా అమ్మని తీసుకెల్లి మిఠాయి కొట్టులో పడేసిందే!" అని రెండు పూటలు అన్నం సయించలేదు.

ఇక నా సంగతి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నాకు ఊళ్ళోనే ఒక ప్రయోగశాలలో పరిశోధన ఉద్యోగం దొరికింది. పని ఏమిటని మొదటిరోజే అమ్మ అడిగింది. నాకు ఓపిక తక్కువ. అయినా ఆ రోజు కూర్చోబెట్టి చెప్పాను. మనం మింగే యాంటీబయాటిక్ మందు అంతా ఒంట్లో ఖర్చయిపోదు. కొంత అలాగే బయటికి పోతుంది. ఆస్పత్రుల నుంచి, ఇళ్ళ నుంచి అది మురుక్కాలువల్లో పడి నదిలో చేరుతుంది. కాచినా పోదు, వడగట్టినా పోదు. నీళ్ళలో ఉన్న సూక్ష్మజీవులు ఆ మందుకి కొంచెం కొంచెంగా అలవాటు పడిపోతాయి. తర్వాత మనకి జబ్బు చేస్తే అదే మందు వేసినా అవి లెక్కచెయ్యవు. అందుకని మేము ఆ నీళ్ళలో చిటికెడు ఉప్పు వేసి, రెండు లోహపు రేకులు ముంచి, కరెంటు పంపుతాం. ఆ దెబ్బకి మందు ముక్కలు ముక్కలైపోతుంది.

అమ్మ అంతా విని, "అయితే ఆస్పత్రి మురికి నీల్లు ముట్టుకుని ఇంటికొత్తావన్నమాట" అంది.

నా చదువంతటికీ ఆవిడ తీసుకున్న సారాంశం అదీ! ఆ రోజు నుంచి నేను ఇంటికి రాగానే పెరట్లో కాళ్ళూ చేతులూ కడుక్కుని, బట్టలు మార్చుకుని గాని వంటగది గడప తొక్కకూడదని హుకుం జారీ అయింది. నేను "అరే మా, ఛోడో నా" అని హిందీలోకి దిగిపోయాను. కోపం వస్తే నాకు తెలుగు సరిపోదు. నాన్న మాత్రం పొంగిపోయాడు. కరెంటు చెయ్యలేని పని ఈ భూమ్మీద లేదన్నది ఆయన సిద్ధాంతం. కూతురు నీళ్ళకి కూడా కరెంటు పెడుతోందంటే ఇంకేం కావాలి? బిష్టుపూర్ మార్కెట్లో కనిపించిన ప్రతి పాత స్నేహితుడికీ చెప్పుకొచ్చాడు. ఆ స్నేహితుల్లో సగంమంది నేను కరెంటు ఆఫీసులో బిల్లులు రాస్తున్నాననుకున్నారు.

లేబ్‌లో మా సార్ బెంగాలీ. నెమ్మదస్తుడు. తియ్యటి మాట, తియ్యటి నాలుక. టీలో ఆయన వేసుకునే పంచదార చూస్తే మనకి పళ్ళు జివ్వుమనేవి. పసుపుపచ్చగా ఉండే మందు నీళ్ళు నా రేకుల మధ్య తేటగా మారిన రోజున నేను గాజుపాత్ర పట్టుకుని ఆయన గదిలోకి పరిగెత్తాను. మందుని కొలిచే యంత్రం గీసిన గీతలో కూడా దాని జాడ లేదు. ఆయన పాత్రని కిటికీ వెలుగులో పెట్టి చూసి, హిందీలో చాలా మెల్లిగా అడిగాడు.

"రంగు పోయింది, మందు పోయింది, బాగుంది. ఇందులో ఏదైనా బతుకుతుందా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. కాని ఆయన అడిగిందే అసలు ప్రశ్న. నీళ్ళలోంచి మందు తీశానని సంబరపడితే చాలదు, ఆ నీళ్ళు మళ్ళీ మామూలు నీళ్ళయ్యాయో లేదో ఏదో ఒక ప్రాణి చెప్పాలి. ఆ పరీక్షకి కావలసిన సూక్ష్మజీవుల కోసం పెట్టిన ఆర్డరు ఏ బల్ల మీద నిద్రపోతోందో ఎవరికీ తెలియదు. నేను విసుక్కుంటూ మధ్యాహ్నం టిఫిన్ కేరేజీ విప్పాను. పై గిన్నెలో అన్నం, కింద గిన్నెలో అమ్మ పెరుగు.

పెరుగులో ఉన్నవీ సూక్ష్మజీవులే కదా! మందు ఉంటే అవి పని చెయ్యవు, పాలు తోడుకోవు. మందు పోతే తోడుకుంటాయి. ఇంతకన్నా తేలికైన పరీక్ష ఏముంటుంది? పాలపొడిని నా నీళ్ళలో కలిపి, గోరువెచ్చగా చేసి, అమ్మ పెరుగు కాస్త వేసి వెచ్చని పెట్టెలో పెట్టాను. మర్నాడు చూస్తే తోడుకోలేదు. ఏడుపొచ్చినంత పనైంది. పాత్ర ముక్కు దగ్గర పెట్టుకుంటే ఈతకొలను వాసన. తప్పు మందుది కాదు, నా ఉప్పుది. ఉప్పు నీళ్ళకి కరెంటు పెడితే క్లోరిన్ పుడుతుంది. మందుని విరగ్గొట్టేది చాలావరకు అదే. పని అయిపోయాక కూడా అది నీళ్ళలో ఉండిపోయి, పాపం పెరుగుని చంపేసింది. దొంగని పట్టుకోవడానికి వచ్చిన పోలీసు ఇంట్లోనే మకాం పెట్టినట్టన్నమాట.

దానికి విరుగుడు దొరికింది. ఫోటో స్టూడియోల్లో ఫిల్ములు కడగడానికి వాడే హైపో పొడి చిటికెడు వేస్తే క్లోరిన్ చచ్చిపోతుంది. బిష్టుపూర్‌లో ఒక స్టూడియో ఆయన్ని అడిగి పొట్లం తెచ్చాను. అది వేశాక పెట్టిన పాత్రలో పాలు గడ్డలా తోడుకున్నాయి. నేను ఎగిరి గంతేశాను. సార్ మాత్రం, ఇది ఒక్కసారి జరిగితే లాభం లేదు, మళ్ళీ మళ్ళీ జరగాలి అన్నాడు. అప్పటి నుంచి నా మధ్యాహ్నపు పెరుగు సగం నాకు, సగం ప్రయోగానికి. ఉట్టి నీళ్ళతో ఒక పాత్ర, మందు నీళ్ళతో ఒకటి, కరెంటు పెట్టి శుభ్రం చేసిన నీళ్ళతో ఒకటి, వరసగా లేబ్ ఫ్రిజ్‌లో ఉండేవి. మీద పెద్ద అక్షరాలతో "తినరాదు" అని అతికించాను. ఉట్టి నీళ్ళ పాత్ర మాత్రం తరచూ ఖాళీ అయిపోయేది. పక్కనే పంచదార పలుకులు కనిపించేవి. ఎవరని నేను అడగలేదు, సార్ చెప్పలేదు.

ఇదంతా అమ్మకి చెప్పలేదు. వాళ్ళమ్మని మిఠాయి కొట్టులో పడేస్తేనే రెండు పూటలు తిండి మానేసిన మనిషి. ఆస్పత్రి మురికిలో పడేశానని తెలిస్తే నన్ను ఇంట్లో ఉండనిచ్చేదా?

ఆ వేసవిలో ఒక పొద్దున్న వంటగదిలోంచి కేక వినబడింది.

"ఓలమ్మో! పెరుగు తోడుకోలేదే!"

వెళ్ళి చూస్తే గిన్నెలో పాలు పాలలాగే ఉన్నాయి. అమ్మ వాటిని చూస్తున్న తీరు చూసి నాకు నవ్వొచ్చింది. నవ్వడం పొరపాటని వెంటనే తెలిసింది.

"నువ్వే. నీ సేతులే. నిన్న ఈ గిన్నె ముట్టుకున్నావు. మందు అంటించేసావు."

"నేను ముట్టుకోలేదమ్మా!"

"అయితే నీ బట్టలు. నీ గాలి."

నా గాలికి కూడా యాంటీబయాటిక్ గుణం ఉందని తేల్చిన శాస్త్రవేత్త ప్రపంచంలో మా అమ్మ ఒక్కతే. నన్ను వంటగది నుంచి పూర్తిగా వెలివేసింది. అదృష్టం బాగుండి ఇంకా రెండు చెంచాల పాత పెరుగు అడుగున మిగిలి ఉంది. మర్నాడు అందులో కాస్త తీసి మళ్ళీ తోడు పెట్టింది. మళ్ళీ అదే తంతు. ఇప్పుడు మిగిలింది గిన్నె అడుగున అంటుకున్న ఒక్క చెంచాడు.

ఇంట్లో నవ్వులాట ఆగిపోయింది. అమ్మ ఆ గిన్నెని తడిగుడ్డలో చుట్టి, నీళ్ళ పళ్ళెంలో పెట్టి, గంటకోసారి మూత తీసి చూసుకునేది. ఫ్రిజ్‌లో పెట్టమంటే ఒంటికాలి మీద లేచింది. ఫ్రిజ్‌లో పెడితే తోడు చచ్చిపోద్దట. ఆ ఎండలకి బయట పులిసిపోయి రేపో ఎల్లుండో ఎలాగూ పనికిరాకుండా పోతుందని ఆవిడకీ తెలుసు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అడిగితే ఉల్లిపాయలంది. ఆ రోజు మా ఇంట్లో ఉల్లిపాయ తరగలేదు.

నాకు అప్పటికి అనుమానం వచ్చింది. మా పాలవాడు నది అవతలి మాంగో పేట నుంచి సైకిల్ మీద కేన్లు కట్టుకుని వంతెన దాటి వచ్చేవాడు. పొద్దున్నే గుమ్మంలో నిలబడి అడ్డుకున్నాను. వాడు ఏమీ దాచలేదు. "భైంస్ కా థన్ సూజ్ గయా థా దీదీ. డాక్టర్ సూయీ దియా. అబ్ ఏక్‌దమ్ ఠీక్ హై" అన్నాడు. గేదెకి పొదుగు వాచింది, పశువుల డాక్టరు సూదిమందు వేశాడు, ఆ మందు పాలలోకి దిగింది. నేను రోజూ నీళ్ళలోంచి తరిమేస్తున్న సరుకే, గేదె ఎక్కి మా ఇంటికి వచ్చింది.

విజయగర్వంతో లోపలికొచ్చి చెప్పాను. నా గాలిది తప్పు కాదని తేలిపోయింది కదా. అమ్మ క్షమాపణ చెబుతుందని నేను ఎదురుచూసి ఉంటే అది నా తెలివితక్కువ.

"అయితే తియ్యి" అంది.

"ఏంటి?"

"పాలల్లోంచి మందు తియ్యి. నీల్లల్లోంచి తీసేత్తాను, తీసేత్తాను అని ఊరంతా సెప్పుకుంటన్నారు కదా తండ్రీకూతుల్లు. ఇంట్లో పాలు బాగుసెయ్యలేనిదానివి నదులేటి బాగుసేత్తావు?"

పేకెట్ పాలు తెస్తానన్నాను. సీలు వేసిన ప్లాస్టిక్ సంచీలో ఎన్ని ఊళ్ళ పాలు కలుపుతారో, అందులో వాళ్ళమ్మ తోడు వెయ్యనంది. వేరే పాలవాణ్ణి చూడమంటే, ఇరవై ఏళ్ళుగా పోస్తున్నవాణ్ణి రెండు రోజులకి మానిపిస్తామా అంది. మొండితనంలో నేను ఎవరి పోలికో వేరే చెప్పక్కర్లేదు.

పాలు వేరు, నీళ్ళు వేరు అని నేను మొత్తుకున్నాను. పాలలో వెన్న ఉంటుంది, మాంసకృత్తులు ఉంటాయి, కరెంటు పెడితే ముందు అవే పాడవుతాయి. అప్పుడు నాన్న పేపరు మడిచి కుర్చీలోంచి లేచాడు.

"ఒలే అమ్మడూ, ఆలోసించు. మనోడు పోసే పాలల్లో సగం నీల్లే కదా. ఆ సగం వరకూ నీ పద్ధతి పని సేత్తాది."

ఇలాంటి మాట మా నాన్న తప్ప ఇంకెవరూ అనరు. దానికి కాదనలేకపోయిన ఇంజినీరింగు చదివిన కూతురు కూడా ఇంకెక్కడా ఉండదు. ఆదివారం అమ్మ గుడికి వెళ్ళగానే స్కూటర్ బ్యాటరీ ఛార్జరు వంటగదిలోకి వచ్చింది. రేకులు లేవు. అమ్మ వడ్డించే స్టీలు గరిటెలు రెండు దొరికాయి. వాటిని పాలలో ముంచి, వైర్లు బిగించి, నాన్న ఫోర్‌మన్ గొంతుతో "హో జాయ్?" అన్నాడు. కార్ఖానాలో మోటారు వేసేముందు అందరినీ దూరం జరగమన్నట్టు నన్ను గోడవైపు నెట్టాడు.

మొదట ఏమీ కాలేదు. నాన్న గుప్పెడు ఉప్పు పోశాడు. చిటికెడు చాలంటే, "భారీ లోడు" అన్నాడు. అప్పుడు బుడగలు వచ్చాయి. తర్వాత నురగ వచ్చింది. ఒక గరిటెకి తెల్లటి జిగురు పట్టింది, రెండోది నల్లబడింది. వంటగదంతా ఈతకొలను వాసన. నేను కళ్ళలో నీళ్ళు తుడుచుకుంటూ ఛార్జరు పీకేశాను. ఇవి పాలు కావు, పారబొయ్యమని నాన్నకి చెప్పి స్నానానికి పోయాను. నాన్నకి ఏదీ పారబొయ్యడానికి చెయ్యి రాదు. నురగ తీసేసి, గుడ్డలో వడగట్టి, చల్లారితే వాసన పోద్దేమో చూద్దామని గట్టు మీద మూతపెట్టి, గరిటెలు దాచే పనిలో పడ్డాడు.

ఆ తర్వాత ఏం జరిగిందో మర్నాడు పొద్దున్న తెలిసింది. వంటగదిలో అమ్మ పీట మీద కూర్చుని ఉంది. ఎదురుగా గిన్నెలో నీలంగా, పల్చగా, వాసన కొడుతూ ఏదో ద్రవం. పక్కన తోడు గిన్నె శుభ్రంగా తోమి బోర్లించి ఉంది.

గుడి నుంచి వచ్చేసరికి గట్టు మీద వడగట్టిన పాలు కనిపించాయి. వాసన వస్తోంది. మందు తీశాక ఇలాగే ఉంటుంది కాబోలు అనుకుంది. మమ్మల్ని అడగలేదు. గోరువెచ్చగా చేసి, మిగిలిన ఒక్క చెంచాడునీ అందులో వేసేసింది.

"అడక్కపోయావా అమ్మా?" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినబడింది.

"అడిగితే ఏడిపిత్తావు కదా, ఇప్పుడు నమ్మేవా అని" అంది అమ్మ. "పొద్దున్న గట్టి పెరుగు సూపించి సెప్దామనుకున్నాను. నా కూతురు తీసేసిందీ అని."

నా ఉద్యోగాన్ని ఒక్కరోజూ మెచ్చుకోని మనిషి, నన్ను పెరట్లో నిలబెట్టి చేతులు కడిగించిన మనిషి, నన్ను నమ్మింది. నమ్మి తన దగ్గరున్నదంతా వేసేసింది. దానికి ఈ ఒక్కరోజే దొరికిందా అని నాకు ఆవిడ మీదే కోపం వచ్చింది. దుఃఖం వచ్చినప్పుడు నాకు ముందు కోపమే వస్తుంది. నాన్న గడపలో నిలబడి నల్లగరిటె చేతిలో తిప్పుకుంటూ ఉండిపోయాడు.

ఆ వారం మా ఇంట్లో ఎవరూ ఎవరినీ ఆటపట్టించలేదు. అమ్మ వంట చేసేది, వడ్డించేది. సాయంత్రం తోడు పెట్టే వేళకి వంటగదిలోకి వెళ్ళి, ఏమీ లేక మళ్ళీ బయటికి వచ్చేది. ఆ సమయంలో ఆవిడ చేతులు ఏం చెయ్యాలో తెలియక కొంగు పట్టుకునేవి. నాన్న తనంత తానే వెళ్ళి దుకాణం నుంచి పెరుగు తెచ్చాడు. అమ్మ ఆయనకి వడ్డించి తను మజ్జిగ లేకుండానే లేచిపోయింది.

నా టిఫిన్ కేరేజీలో పెరుగు గిన్నె స్థానంలో నిమ్మకాయ ముక్క వచ్చింది. లేబ్‌లో ఆ ముక్కని చూస్తూ కూర్చున్నాను. పక్కనే ఉన్న సార్, "నీ పెరుగు రావడం లేదు, మరి పరీక్షలెలా?" అన్నాడు. ఆయన బాధ పరీక్షల గురించేనా అని నాకు సందేహమే. పాత పాత్రలున్నాయి లెండి, వాటితో నడుపుతాను అన్నాను. అని, చెంచా అలాగే పట్టుకుని ఆగిపోయాను.

పాత పాత్రలు! నేనూ ఒక మనిషినేనా! వారం రోజులుగా ఇంట్లో కన్నీళ్ళు, ఇక్కడ నా ఫ్రిజ్‌లో అమ్మమ్మ! లేబ్‌లో దాన్ని నమూనా అని పిలిచి పిలిచి, అది మా ఇంటి తోడన్న సంగతే నా బుర్రలోంచి పోయింది. పరిగెత్తి ఫ్రిజ్ తీశాను. ఉట్టి నీళ్ళ పాత్ర ఖాళీ. సార్ వైపు చూశాను, ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. మందు నీళ్ళ పాత్రలో పాలు పాలలాగే ఉన్నాయి. మిగిలింది మూడోది. ఒకప్పుడు మందున్న నీళ్ళు, నా రేకుల మధ్య శుభ్రమైన నీళ్ళు. అందులో మాత్రం పెరుగు చాకుతో కోస్తే తెగేలా గట్టిగా ఉంది.

ఆటోలో పాత్రని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మూతకి నా చున్నీ చుట్టాను. కుదుపు వచ్చినప్పుడల్లా డ్రైవర్‌ని తిట్టాను. పాపం అతను చాలా మెల్లిగానే నడిపాడు.

అమ్మ ముందు నిలబడి మొత్తం చెప్పేశాను. కేరేజీ పెరుగు, మందు నీళ్ళు, ఫ్రిజ్, సార్, పంచదార, అన్నీ. తిట్టడానికి ఆవిడకి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. గాజుపాత్రని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఫ్రిజ్‌లో పెట్టినా సావలేదా?" అంది చివరికి.

"చావలేదు."

"మందు నీల్లల్లో ఏసినా?"

"మందు తీసేశానమ్మా."

అమ్మ నా ముఖం వైపు చూసింది. ఈసారి కూడా నమ్మమని అడగడానికి నాకు నోరు రాలేదు. వెంటనే ఎవరూ తినొద్దని, ఇందులోంచి పేనుగుడ్డంత తీసి కొత్త పాలలో వెయ్యాలని, అది తోడుకున్నాక అందులోంచి మళ్ళీ కాస్త తీసి ఇంకో పాలలో వెయ్యాలని, మధ్యవన్నీ పారబొయ్యాలని చెప్పాను. అలా కొన్నాళ్ళు చేస్తే నా లేబ్ తాలూకు అంశ ఏదీ మిగలదు. అమ్మకి ఇది శాస్త్రం కన్నా శుద్ధిలాగా తోచింది కాబోలు, నేను చెప్పినదానికన్నా ఎక్కువసార్లే చేసింది. వాళ్ళమ్మకి అన్ని స్నానాలు చేయించింది. పాలవాడి గేదె ఒంట్లోంచి మందు పూర్తిగా పోయేదాకా పేకెట్ పాలు కూడా వాడింది. ఆ మాట ఎవరితోనూ అనొద్దని నాన్న చేత ఒట్టు వేయించుకుంది.

తినే రోజు వచ్చింది. మొదటి చెంచా మాకివ్వలేదు. ఏదైనా అయితే తనకే అవ్వాలని చెప్పి తనే నోట్లో వేసుకుంది. చాలాసేపు మింగలేదు. నాన్న కంచం ముందు చెయ్యి ఎండబెట్టుకుని కూర్చున్నాడు.

"పుల్లగుంది" అంది అమ్మ.

నేను గిన్నె వెనక్కి లాగబోయాను.

"ఎప్పుడూ పుల్లగానే తోడెట్టేది" అంది. "సిన్నప్పుడు ఎన్నిసార్లు తిట్టేనో. ఏటే అమ్మా ఈ పులుపు అని." కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవడం లేదు. ఉల్లిపాయలని కూడా అనలేదు. నాన్నకి అడక్కుండానే రెండోసారి వడ్డించింది. అది చూసి నాకూ ఏడుపొచ్చింది.

ఇది జరిగిన కొన్నాళ్ళకి, మా పద్ధతి చూడటానికి బయటి నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారని సార్ మధ్యాహ్నం చెప్పాడు. మర్నాడు పొద్దుటికి కొత్తగా తోడుకున్న పాత్రలు చూపించాలి. లేబ్‌లో తోడు చుక్క లేదు, ఎందుకో నేను చెప్పక్కర్లేదు. ఆటో పట్టుకుని కాసిడీహ్ చేరేసరికి మా ఇంట్లో దీపం పెట్టేశారు. కింది వాటా ఆంటీ గుర్తొచ్చి గుమ్మం బయటే నిలబడిపోయాను. విషయం చెప్పి, పోనీలే, పొద్దున్నే వచ్చి తీసుకుంటానన్నాను.

అమ్మ లోపలికి వెళ్ళింది. గిన్నెల చప్పుడైంది. వచ్చేటప్పుడు ఆవిడ చేతిలో చిన్న స్టీలు కేరేజీ ఉంది, మూతకి గుడ్డ చుట్టి ఉంది. ఖరగ్‌పూర్‌లో బండి మారిన కేరేజీ అదే.

"దీపాలు పెట్టేశావు కదమ్మా?"

"అయితే ఏటి? మా అమ్మ నాకిచ్చింది, నాను నీకిత్తన్నాను. బయటోల్లకేటి ఇవ్వలేదు కదా. బేగి ఎల్లు. మీ సార్‌కి కనపడకుండా దాసు."

లేబ్‌లో అప్పటికి అందరూ వెళ్ళిపోయారు. శుభ్రం చేసిన నీళ్ళలో పాలపొడి కలిపి, వేలు పెట్టి వెచ్చదనం చూసుకుని, కేరేజీ మూత తీశాను. చెంచాడు తీసి అందులో వేస్తూ, ఎవరైనా ఉన్నారేమోనని ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు.

"అమ్మమ్మా, ఈ రోజు నీళ్ళలో మందు పూర్తిగా పోయింది" అన్నాను. "అమ్మకి చెప్పాను. నమ్మింది."